సత్యవేణికి చెప్పిన రోజు

సువార్తమ్మ గారికి వాదించే అలవాటు లేదు. పెద్దాసుపత్రిలో, హెచ్ఐవీ ఉన్నవాళ్లకు మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో ఆవిడ ఇరవయ్యేళ్లుగా కౌన్సిలర్. ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న హైమవతి ఒక ఉదయం అడిగింది: "అమ్మా, ఇవాళ వచ్చే పద్నాలుగేళ్ల పిల్లకు హెచ్ఐవీ ఉందన్న మాట ఏ నోటితో చెబుతాం? ఇంకో నాలుగేళ్లు ఆగకూడదా?"

ఆవిడ తన పక్కన కుర్చీ వేసి కూర్చోమన్నారు.

కాసేపటికి లంక గ్రామం నుంచి నాగరత్నం తన మనవరాలు సత్యవేణిని వెంటబెట్టుకుని వచ్చింది. కూతురూ అల్లుడూ పోయాక ఆ పిల్లను సాకింది ఈ అమ్మమ్మే. జబ్బు తల్లి కడుపులోనే సోకిందని చెప్పలేక, మాత్రలు నెమ్ముకని చెబుతూ వచ్చింది. దగ్గే లేనిదానికి నెమ్ము మందులెందుకని సత్యవేణి మూడు నెలలుగా వాటిని పెరట్లో పారేస్తోంది. పరీక్షలో వైరస్ బాగా పెరిగిందని తేలింది. పిల్లకు చెప్పేందుకు నాగరత్నాన్ని ఒప్పించడానికి అంతకుముందే రెండు రాకలు పట్టాయి. ఈసారి తలూపింది గానీ, గోడ వైపు తిరిగి కూర్చుంది.

సువార్తమ్మ గారు జబ్బు పేరు దాచకుండా చెప్పారు. అది ఎలా వచ్చిందో చెప్పారు. ఇందులో నీ తప్పేమీ లేదన్నారు. రోజూ మాత్ర వేసుకుంటే చదువూ ఉద్యోగమూ పెళ్లీ పిల్లలూ అందరిలాగే ఉంటాయన్నారు. పిల్ల ఎక్కడ కుప్పకూలుతుందోనని హైమవతి కుర్చీ అంచున కూర్చుంది.

సత్యవేణి అమ్మమ్మ వైపు తిరిగింది.

"ఇన్నేళ్లూ ఇదంతా నువ్వొక్కదానివే మోశావా అమ్మమ్మా?"

ముసలామె ఒళ్లోని మందుల సంచి తను తీసుకుంది. ఏ వేళకు వేసుకోవాలో, మరిచిపోతే ఏం చేయాలో అడిగి నోటుబుక్కులో రాసుకుంది.

ఆరు నెలలకు వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోయింది. ఆ రోజే, తమ జబ్బు సంగతి కొత్తగా తెలిసిన పిల్లల్ని ఒక గదిలో కూర్చోబెడితే, వాళ్లతో తను మాట్లాడతానని సత్యవేణి తనంతట తనే అడిగింది. తలెత్తుకుని మాట్లాడింది. గుమ్మంలో నిలబడి విన్న హైమవతికి, ఆ పిల్ల తన చేతుల్లో పెరిగినంత గర్వంగా అనిపించింది.

"అమ్మా, మనం చెప్పిన రోజు ఇంటికెళ్లి ఏడ్చే ఉంటుంది కదూ?" అని మెల్లగా అడిగింది.

"ఏడ్చిందట," అన్నారు సువార్తమ్మ గారు. "మాత్ర వేసుకుని, ఆ తర్వాత ఏడ్చిందట."