కనకయ్య జమానతు

ఓదేలు పేరెత్తితే చాలు, కనకయ్యకు ఒళ్ళు మండిపోయేది. మండదా మరి! కొట్లాట కేసులో జైలుకు పోయిన ఆ మనిషికి ఊళ్ళో అందరూ మొహం చాటేస్తే, కనకయ్య గురువు ఈరదాసు కోర్టుకు వెళ్ళి జమానతు పడ్డాడు. వాయిదాలకు వీణ్ణి హాజరుపరుస్తాను, రాకపోతే సొమ్ము నేను కడతాను అని సంతకం చేశాడు. ఓదేలు బయటికొచ్చాడు. వచ్చి, ఇటుక బట్టీల పనికని ఎటో పోయాడు. వాయిదా సంగతే మరిచాడు.

మెజిస్ట్రేటు ఊరుకుంటాడా? ఓదేలుకు వారంటు, ఈరదాసుకు నోటీసు పంపాడు. జమానతు జప్తయింది. ఈరదాసు నేతపని చేసుకుంటూ, నేస్తూనే శిష్యులకు 'నేను, నాది అనేవే లేవు' అనే అచల బోధ చెప్పే మనిషి. ఆ మగ్గం అమ్మి సొమ్ము కట్టాడు. ఇంట్లో మగ్గం గుంట ఒక్కటే మిగిలింది.

పోలీసులు ఓదేలును పట్టుకొచ్చి మళ్ళీ జైల్లో పెట్టారు. పీడ విరగడైందని కనకయ్య సంబరపడ్డాడు. ఆ సంబరం నిలవలేదు. గురువు కబురు పెట్టాడు.

"కనకయ్యా, ఓదేలుకు మళ్ళ బెయిలు ఇస్తరట. జమానతు పడెటోళ్ళు కావాలె. నా మాట ఆడ ఇగ చెల్లది. నీ పేర పొలమున్నది గద."

కనకయ్య అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"వానికా? మిమ్మల్ని నట్టేట ముంచినోనికా? వాడు మళ్ళ ఎగ్గొడితె నా పొలం వేలమేస్తరయ్యా! జైల్లనే పడి ఉండనియ్యిండ్రి. తప్పు చేసినోడు అనుభవించొద్దా?"

"చేసిండని ఎవలు తేల్చిండ్రు? కేసు ఇంక నడుస్తనే ఉన్నది."

"వాయిదా ఎగ్గొట్టింది నిజమా కాదా?"

"నిజమే. దానికి నేను కట్టిన."

"నేను మాత్రం ఇయ్య" అని కనకయ్య విసురుగా లేచి పోయాడు. గురువు ముందు గొంతు పెంచడం అదే మొదటిసారి.

ఈరదాసు దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. తెల్లవారగానే శిష్యులు వరుసగా కూర్చుని, ఒక్కొక్కరే "నేనంటూ లేను, నాదంటూ లేదు" అని పలకాలి. గురువు తలూపితేనే లేవాలి. కనకయ్య ఏళ్ళ తరబడి పలుకుతున్నాడు. కొత్తవాళ్ళకు నేర్పేదీ కనకయ్యే. ఆ సంగతి నలుగురికీ తెలియాలని కాస్త కోరిక కూడా ఉంది, అది వేరే మాట.

మర్నాడు కోపం దిగకుండానే వచ్చి కూర్చున్నాడు. తన వంతు వచ్చింది.

"నేనంటూ లేను. నాదంటూ..."

ఈరదాసు లేచి వచ్చి, అరచేత్తో కనకయ్య నోరు మూశాడు. గట్టిగానే మూశాడు.

"అబద్ధమెందుకు? పొలం నీదే గద" అని పక్కవాని వైపు తిరిగాడు.

నలుగురిలో పరువు పోయింది. కనకయ్య మొహం జేవురించింది. ఇంటికి పోయి అన్నం ముందు నుంచి లేచాడు, ఊరికే భార్యను కసిరాడు. గురువును తిట్టుకున్నాడు, ఓదేలును అంతకంటే ఎక్కువ తిట్టుకున్నాడు. తిట్లు అయిపోయాయి గానీ, నోటి మీద ఆ చేయి మాత్రం ఇంకా ఉన్నట్టే ఉంది. చివరికి పట్టా పుస్తకం సంచిలో వేసుకుని కోర్టుకు బస్సెక్కాడు.

"ఈ పొలం ఎవరిది?" అని అడిగాడు మెజిస్ట్రేటు.

కనకయ్య సంచిలోంచి పట్టా పుస్తకం తీసి ముందు పెట్టాడు.

"నాదే సార్."

"ముద్దాయి వాయిదాకు రాకపోతే ఏమవుతుందో తెలుసా?"

"బాగ తెలుసు సార్. మా గురువు మగ్గం పోయింది."

కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా సంతకం పెట్టాడు.

బయట వరండాలో ఈరదాసు నిలబడి ఉన్నాడు. కనకయ్య రోజూలాగా ఆయన కాళ్ళకు మొక్కలేదు.

"జమానతు పడ్డ. గాని నా కోపం పోలేదయ్యా. వాడు ఎదురైతె చెంప పగలగొడత."

ఈరదాసు కోర్టు మెట్లు దిగుతూ అన్నాడు:

"నీ కోపం ఎవలడిగిండ్రు? జమానతు అడిగిన."