బూజు గింజల పొడి

అనంతపురం వైపు ఒక పల్లెలో కుళ్లాయప్ప అనే వేరుశనగ రైతు ఉండేవాడు. కష్టజీవే గానీ, చెడిపోయినదాన్ని కూడా పారేయలేని మనిషి. ఆ ఊళ్లో ఒక అలవాటుండేది. నిగనిగలాడే కాయలు విత్తనానికీ, మార్కెట్టుకూ పోయేవి. తడిసినవీ, ముడతలు పడ్డవీ ఇంటికి మిగిలేవి. పండించినవాడి నోటికి పనికిరాని గింజలు! ఇదేం న్యాయమో నాకెప్పుడూ అర్థం కాలేదు.

కుళ్లాయప్ప భార్య సుంకమ్మ అతని అక్క కూతురే. రెండో కాన్పప్పుడు రక్తపరీక్ష చేస్తే ఆమె ఒంట్లో కామెర్ల వైరస్ ఉందని తేలింది. డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టింది. ఏటా పరీక్షకు వస్తూ జాగ్రత్తగా ఉంటే భయం లేదని ధైర్యం చెప్పింది.

"ఒక్కటి మాత్రం మరవొద్దు. బూజు పట్టిన వేరుశనగలో విషం ఉంటుంది. కడిగినా, వేయించినా పోదు. ఈ వైరస్‌కు అది తోడైతే అగ్నికి ఆజ్యం పోసినట్టే. కాలేయానికి క్యాన్సర్ రావచ్చు," అంది.

కుళ్లాయప్ప తలూపి వచ్చాడు. ఆ ఏడు కాయలు కల్లంలో ఉండగానే ముసురు పట్టింది. గింజలు చాలావరకు నల్లబడి బూజెక్కాయి. సుంకమ్మ వాటిని ఏరి దిబ్బలో పోసింది. కుళ్లాయప్ప వెళ్లి మళ్లీ గంపకెత్తుకొచ్చాడు. మా తాత తిన్నాడు, మా నాయన తిన్నాడు, ఎవరికేమైందని సణిగాడు. వేయించి కారప్పొడి కొట్టమన్నాడు.

"డాక్టరమ్మ వద్దనింది కదా మామా," అంది సుంకమ్మ.

"పంట విలువ ఆమెకేం తెలుసు? నువ్వు కొట్టు," అన్నాడతను.

ఆ మహాతల్లి ఏం చేసిందో తెలుసా? పిల్లలకూ, మొగుడికీ విత్తనానికి దాచినవాటిలోంచి తీసిన మంచి గింజలతో చాటుగా వేరే పొడి కొట్టింది. బూజు గింజల పొడి తాను తింది. పారేస్తే మొగుడు తిడతాడు, పెడితే పిల్లలకు చేటు. ఆ ఏడుతో ఆగిందా? ఏటా అంతే. పరీక్షకు పోదామంటే ఎప్పుడూ పొలం పనులే అడ్డం.

కొన్నేళ్లకు సుంకమ్మ కడుపు ఉబ్బింది, కళ్లు పచ్చబడ్డాయి. కాలేయం నిండా క్యాన్సరని తేలింది. ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని కుళ్లాయప్ప ఏడ్చాడు. ఇంట్లో అందరం అదే పొడి తిన్నాం కదా, నీకొక్కదానికే ఎందుకొచ్చిందే అని అడిగాడు.

"మీరెవరూ తినలేదు మామా. మీకు మంచివి పెట్టాను," అంది సుంకమ్మ.

నెల తిరక్కుండానే ఆమె పోయింది. దినం అయ్యాక కుళ్లాయప్ప ఇంట్లో మిగిలిన బూజు గింజలన్నీ గుంత తీసి పూడ్చాడు. అంత సులువైన పని ఆమె బతికుండగా చేయలేకపోయాడు.

అందుకే పిల్లలూ, పారేయాల్సినదాన్ని పారేయకపోవడం పొదుపు కాదు; దాని ఖరీదు ఇంట్లో ఎవరో ఒకరు ప్రాణంతో కడతారు.