ఏ ఊరి కూత

మా మొండయ్య గురువు చెడుగుడు నేర్పేటోడు. ఆయనకు నోటితో జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవడన్నా ఏదన్నా అడిగితే, అడిగినోణ్నే బరిలోకి తోలేటోడు. జవాబు దొరికితే దొరికినట్టు, లేకుంటే మోకాళ్లు పగిలినట్టు.

ఆయన శిష్యుల్లో పెద్దోడు గంగారాం, మా జట్టుకు నాయకుడు. ఒకనాడు బరి ఊడ్చుకుంట అడిగిండు.

"గురువా, ఆ బెంగాలోళ్లు వచ్చి పదేండ్లాయె. మన మాట నేర్చిండ్రు, జొన్నరొట్టె తింటున్రు, పోచమ్మకు బోనం ఎత్తుతున్రు. అయినా మనోళ్లు అనిపిస్తలేరు. ఇంకా ఏం విడిస్తే మనోళ్లయితరు?"

బెంగాలోళ్లంటే, తూర్పున యుద్ధంలో ఇండ్లు తగలబడి దేశం గీత దాటి వచ్చినోళ్లు. సర్కారు మా వాగు అవతల అడవి కొట్టించి వాళ్లకు భూమి ఇచ్చింది. అది మా పశువులు మేసిన జాగ. ఆ మాట నేను ఇప్పటికీ మరువలేదు.

గురువు చీపురు దిక్కు చూసి, "జాతరనాడు పోతెపల్లోళ్లతో ఆట ఉంది గదా. నిరాపదను దింపు" అన్నడు.

నిరాపద మండల్ ఆ బెంగాలోళ్లలోనే ఒకడు. బక్కోడు, పాములెక్క మలుగుతడు.

"వాని వల్ల ఓడిపోతే, వాళ్లోళ్లెవ్వరూ మళ్ల ఈ బరి తొక్కొద్దు. ఒప్పుకుంటవా?" అన్నడు గంగారాం.

"ఒప్పుకున్న."

ఆనాటి నుంచి నిరాపద నాగలి పట్టినా మా కూతే. "చెడుగుడు చెడుగుడు" అని గుక్క తిప్పుకోకుండా గొణిగేటోడు. "ఎడ్లకు సుత వచ్చింది నీ కూత, నీకే వస్తలేదు" అని వాని భార్య మాలతి నవ్వేది.

జాతరనాడు బరి చుట్టూ ఇసుకేస్తే రాలనంత జనం. తీర్పు చెప్పే పెద్దమనిషిగా పక్క తాలూకా నుంచి భీంరావు పటేల్‌ను పిలిచినం. పోతెపల్లోళ్లు ఎన్నడూ సక్కంగా ఆడినోళ్లు కాదు, అందుకే బయటి మనిషి కావాలె. ఆట తెలియనోళ్లకు ఒక్క మాట: ఒకే ఊపిరితో కూత పెట్టుకుంట అవతలి జాగకు పోవాలె, అవతలోణ్ని ముట్టి, గీతకు తిరిగి రావాలె. వస్తే ముట్టినోడు చచ్చినట్టు. నడుమ ఊపిరి తెగితే చచ్చినట్టే. చచ్చినోడు బయట కూర్చోవాలె. తనోళ్లు అవతల ఒకణ్ని చంపితే మళ్ల బతుకుతడు.

నిరాపద మొదటిసారి పోయిండు. మా కూత పలుకుతుంటే వాని ధ్యాస అంతా నోటి మీదనే, కాళ్ల మీద లేదు. నడిమిట్లనే ఊపిరి తెగింది. చచ్చిండు. "చేపలు తినేటోనికి చెడుగుడెందుకురా" అని పోతెపల్లోడు ఒకడు కేక పెట్టిండు. వాని పేరు నాకు తెలుసు, రాయను.

తర్వాత గంగారాం ఒకణ్ని ముట్టి వచ్చిండు, నిరాపద బతికిండు. ఆట ఎక్కిదిగి, ఎక్కిదిగి, ఆఖరుకు అవతల ముగ్గురు, ఇవతల నిరాపద ఒక్కడే మిగిలిండ్రు.

వాడు గీత దాటిండు. "చెడుగుడు చెడుగుడు" అనుకుంట పోతుంటే ముగ్గురూ గొలుసు కట్టి మూలకు తోలిండ్రు. కాళ్లు దొరికినయి. అప్పుడు వాని నోట్లోంచి మా కూత జారిపోయి, వాని చిన్ననాటి పాత కూత లేచింది. "హాడుడు డుడుడుడు..." ఊపిరి తెగలేదు. కొత్త ఊట పడ్డట్టు పొంగింది. ముగ్గురినీ మెడకేసుకొని ఈడ్చుకొచ్చి గీత మీద చెయ్యి వేసిండు.

మా ఊరు లేచి ఎగిరింది. పోతెపల్లోళ్లు బరిలోకి ఉరికిండ్రు. "నడుమ కూత మార్చిండు, చెల్లదు. అసలు అది కూతే కాదు."

భీంరావు పటేల్ కర్ర ఎత్తి ఆపిండు. "ఊపిరి తెగలేదు, నేను చూసిన. కాని ఏ ఊరి జట్టు ఆ ఊరి కూత పెట్టాలె. మీది చెడుగుడు, వాళ్లది కబడ్డీ. మరి ఇది ఏ ఊరి కూత?"

అందరూ గంగారాం దిక్కు చూసిండ్రు. వాడు గురువు దిక్కు చూసిండు. గురువు ఆకాశం దిక్కు చూసిండు.

"మా ఊరిదే" అన్నడు గంగారాం.

"అయితే నువ్వు పెట్టి చూపియ్యి" అన్నడు పటేల్.

గంగారాం గీత దాటిండు. "హాడుడు" అన్నడు. రెండడుగులకే నాలుక మడతపడ్డది. కూత కోసం వెతికితే కాళ్లు ఆగినయి, కాళ్లు కదిపితే కూత జారింది. నిరాపద గీత మీద మోకాళ్లేసి కూత అందించిండు. మాలతి అందుకున్నది. తర్వాత మా ఆడోళ్లు, మా ముసలోళ్లు. నిరాపద పేరు పలకడం రానోళ్లంతా "హాడుడు" అని ఒకటే హోరు. ఆ హోరులో పోతెపల్లోళ్లు మీద పడంగ, గంగారాం ఊపిరి తెగి, గీతకు జానెడు దూరంలో బోర్ల పడ్డడు.

పటేల్ నవ్విండు. "వీనికి రాలేదు గాని, ఊరికి వచ్చింది. నిరాపద కూత చెల్లింది. ఆట మీదే."

పోతెపల్లోళ్లు ఇప్పటికీ అది మోసమంటరు. అననీ.

గంగారాం ఇసుక దులుపుకుంట వచ్చి గురువు ముందర కూర్చున్నడు. రొమ్ము ఇంకా ఎగిరిపడుతున్నది.

"ఏం విడవాలె అని అడిగినవు గదా" అన్నడు గురువు. "ఇప్పుడు ఆ కూత పెట్టినందుకు నువ్వేం విడిచినవు?"

"ఏం విడవలే గురువా. ఊపిరే సాల్లేదు."

గురువు తువ్వాల భుజాన వేసుకొని లేచిండు.

"వాళ్లు పదేండ్ల సంది మన కూతే పెడుతున్రు. నీకు ఒక్క కూతకే సాల్లేదు."