రాళ్ళ దిగుడులో రివర్సు గేరు

గవరయ్య స్వామికి ఒక అలవాటు ఉండేది. ఎవరేమడిగినా కూర్చున్న చోట జవాబు చెప్పేవారు కాదు. "పద, దారిలో చూద్దాం" అనేవారు. ఆశ్రమం పాడేరు కొండల మీద ఉంది. అక్కడ దారంటే జీపు దారే. అందుకని ఆయన జవాబులు కుదుపుల మధ్యే దొరికేవి. అడిగినవాళ్ళలో సగంమంది నడుం పట్టుకుని అసలు ప్రశ్నే మర్చిపోయేవారు.

ఆ జీపు తోలేవాడు శిష్యుడు కోదండం. చెయ్యి మంచిదే, నోరే మంచిది కాదు. కొన్నేళ్ళ క్రితం తల్లి దినం నాడు, చుట్టాలందరి ముందూ, "అమ్మే పోయాక ఈ గడపతో నీకేం పని?" అని చెల్లెలు నాగరత్నాన్ని అనేశాడు. ఆ పిల్ల విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. అప్పట్నుంచి కోదండం వాళ్ళచేతా వీళ్ళచేతా కబుర్లు పంపాడు, చీరలు పంపాడు. కబుర్లకు జవాబు లేదు. చీరలు తిరిగొచ్చాయి. తానుగా చెల్లెలి ఊరికి మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు. ఒకరోజు సంతకు బయల్దేరబోతూ ఉండబట్టలేక స్వామిని అడిగాడు.

"నోట్లోంచి వచ్చేసిన మాట వెనక్కి తీసుకోవడం ఎలా స్వామీ?"

"పద" అన్నారు స్వామి.

సంత దారిలో రాళ్ళ దిగుడు అనే నిటారు వాలు మొదట్లో ప్రతి బండీ ఆగాల్సిందే. చిన్న లివరు లాగి, నాలుగు చక్రాలకూ పట్టు కలిపి, మొదటి గేరులో పెట్టుకుంటేగాని అక్కడ దిగలేం. బండ్లు ఆగుతాయని తెలిసి కిందికి పోయేవాళ్ళు అక్కడే కాచుకుంటారు. వాళ్ళను ఎక్కించుకోవడం ఆ దారిలో మర్యాద. ఆ వేళ విస్తళ్ళు కుట్టే అడ్డాకుల మోపుతో ఒక ముసలమ్మ ఉంది.

"కిందిదాకా ఎక్కించుకో బాబూ. మోకాళ్ళు ఒంగట్లేదు."

కోదండానికి తన దిగులు తనది. "ఇది ఆశ్రమం బండి, సర్వీసు జీపు కాదు. నడువు!" అని కసిరి క్లచ్చి వదిలాడు.

బండి మూలుగుతూ ఒక్కో రాయీ దిగుతోంది. ఒకపక్క కొండ, రెండోపక్క లోతుగా గెడ్డవాగు. సగం దిగి మలుపు తిరిగాక స్వామి అన్నారు: "ఆమెను ఎక్కించుకుందాం. వెనక్కి పోనీ."

తానేమన్నాడో కోదండానికి అప్పుడు తెలిసొచ్చింది. తల్లి వయసు మనిషి. రివర్సు వేసి తొక్కాడు. చక్రాలు ఉన్నచోటే తిరిగి రాళ్ళు చిమ్మాయి, క్లచ్చి కాలిన కంపు కొట్టింది. మళ్ళీ తొక్కితే బండి వెనక భాగం గెడ్డ వైపు జారింది. దిగి పరిగెత్తుదామన్నా వీల్లేదు, బ్రేకు మీంచి కాలు తీస్తే బండి నిలవదు.

"ఇక్కణ్ణుంచి వెనక్కి ఎక్కదు స్వామీ" అన్నాడు. "పూర్తిగా దిగిపోయి, తారురోడ్డు మీద కొండంతా చుట్టి మళ్ళీ పైకి రావాలి. చాలా దూరం."

"రాగలమా?"

"రాగలం."

"అయితే పోనీ."

సంత సంగతి ఇద్దరూ ఎత్తలేదు. కొండ చుట్టి వచ్చేసరికి ఎండ దిగిపోయింది. ముసలమ్మ లేదు. మేకలు తోలుకుపోతున్న మనిషి కాలిబాట వైపు చెయ్యి చూపించాడు. "మోపెట్టుకుని కుంటుకుంటా పోనాది బాబూ. ఏ ఊరిదో నాకూ తెల్దు."

కోదండం కాలిబాట వెంట పరిగెత్తాడు. "అమ్మా! అమ్మా!" అని గొంతు పోయేలా అరిచాడు. ఎవరూ పలకలేదు. తిరిగొచ్చి జీపు పక్కన చతికిలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపు ఒక్క ముసలమ్మ కోసమే కాదు.

"ఇంత దూరం తిరిగొచ్చీ ఏం లాభం స్వామీ? తప్పయిందని చెప్పుకుందామంటే మనిషే లేదు!"

స్వామి బండి దిగలేదు. కాలిబాట వైపు చూసి, మెల్లగా అన్నారు:

"ఈవిడ ఊరైతే మనకు తెలియదు, కోదండం."