లంకకొచ్చిన సూదిమందు

అనగా అనగా, గోదారి రెండు పాయల నడుమ ఒక లంక ఉండేదర్రా. చుట్టూ నీళ్ళు, నడుమ ఇసక, ఇసక మీద దోసపాదులు. ఆ లంకలో సూరాయమ్మ అని ఒకావిడ. ఆవిడకో కొడుకు, ఆ కొడుక్కో పెళ్ళాం, ఆ పెళ్ళాం ఒళ్ళో నెలన్నర పిల్ల. ఊ కొడుతున్నారా? కొట్టాలి మరి, లేకపోతే నేనెవరికి చెబుతున్నట్టు?

సూరాయమ్మకి ఆ కొడుకు కంటే ముందు ఇద్దరు పుట్టి పోయారు. కోరింత దగ్గు. దగ్గి దగ్గి, మొహం నీలంగా అయిపోయి, కూతపెట్టి గాలి పీల్చి, మళ్ళీ దగ్గడం. అది దయ్యమేనని ఆవిడ నమ్మకం. పసిదాన్ని గడప దాటిస్తే దయ్యం చూస్తుందనీ, సూది గుచ్చితే లోపలికి దారి ఇచ్చినట్టేననీ అనేది. కోడలు వీరవేణి గట్టి పిల్ల. అత్తగారితో వాదన పెట్టుకోలేదు. దోసకాయలు అమ్మడానికి ఏరు దాటే మొగుడి చేత టీకాల నర్సమ్మకి కబురంపింది, మీరే ఒకసారి రాగలరా అని.

వైశాఖమాసం. ఒక పాయ ఎండిపోయి ఉత్త ఇసక మిగిలింది. మిట్టమధ్యాహ్నం సూరాయమ్మ అరుగు మీద కూర్చుని చూస్తే, ఆ ఇసకలో ఒక ఆడమనిషి నడిచి వస్తోంది. ఇసక కాలుతోంది, కాళ్ళు కాలుతున్నాయి, తల కాలుతోంది, చంకలో పెట్టె ఉంది. తడి తువ్వాలు ఆవిడ తల మీద లేదర్రా, పెట్టె మీద ఉంది.

వచ్చి ముందు పెట్టెని నీడలో పెట్టి, అప్పుడు మంచినీళ్ళడిగింది. పెట్టెలో ఏముందని సూరాయమ్మ అడిగితే ఐసు, మందు అంది. ఐసు దగ్గరుంచుకుని గొంతెండబెట్టుకున్నావేమని సూరాయమ్మ అడిగింది. మూత ఊరికే తీస్తే మందు వేడెక్కి పాడైపోతుందని నర్సమ్మ చెప్పింది. తన తల ఎండకి వదిలేసి పరాయి పిల్ల మందుకి చలవ చేసిన మనిషిని సూరాయమ్మ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

ఆ మందేం చేస్తుందో అడిగింది.

"చచ్చిన దగ్గుపురుగుని పిల్ల ఒంటికి ముందే చూపిస్తుంది పెద్దమ్మా. రేపు బతికున్నది వస్తే ఒళ్ళే గుర్తుపట్టి తరుముతుంది."

సూరాయమ్మ పిల్ల వైపు చూసింది. తరవాత మెల్లిగా అడిగింది.

"నా పిల్లలప్పుడు ఇది లేదా అమ్మా?"

నర్సమ్మ తల దించుకుంది. "ఉంది పెద్దమ్మా. ఇక్కడిదాకా ఎవరూ తేలేదు."

సూరాయమ్మ ఏడవలేదు. కోడలి ఒళ్ళోంచి పిల్లని తీసుకుని, సూదికి తనే తొడ పట్టుకుని చూపించింది.

సాయంత్రానికి పిల్లకి ఒళ్ళు వెచ్చబడింది. వెచ్చబడుతుందని నర్సమ్మ చెప్పే వెళ్ళింది, అయినా సూరాయమ్మ రాత్రంతా పిల్ల పక్కనే కూర్చుంది. మర్నాటికి తగ్గిపోయింది. నెలకోసారి చొప్పున ఇంకో రెండు సూదులకి ఆవిడే పిల్లనెత్తుకుని నర్సమ్మ వచ్చే రేవుకెళ్ళింది.

వరదలు తీశాక లంకలోకి దగ్గొచ్చింది. సూది వేయించని పక్కింటి పిల్లాడు కూతపెట్టి దగ్గుతుంటే, ఇటు సూరాయమ్మ మనవరాలి గుండెకి చెవి ఆనించి వినేది. గాలి పోతోంది, వస్తోంది. పోతోంది, వస్తోంది. పిల్లేమో ఆవిడ జుట్టు పట్టుకు లాగి నవ్వేది. తన ఇంట్లో ఇద్దరిని మింగిన దయ్యం ఈ బోసినోటిదాన్ని ముట్టుకోలేకపోయిందా అని ఆవిడ మళ్ళీ చెవి ఆనించేది.

పక్కింటి పిల్లాణ్ణి పడవ మీద పెద్దాసుపత్రికి చేర్చారు. ఇరవై రోజులకి చిక్కి సగమైనా, బతికి వచ్చాడు. ఆ రోజే సూరాయమ్మ ఇంటింటికీ తిరిగింది. గడపగడపలో కూర్చుని, సత్యం, నాగరత్నం అని తన ఇద్దరి పేర్లూ చెప్పింది. కోడలు కూడా ఆ పేర్లు వినడం అదే మొదలు. తరవాతి టీకాల రోజుకి లంకలో చంటిపిల్లల తల్లులంతా రేవులోనే ఉన్నారు.

అదర్రా సంగతి. పిల్లలకి టీకా వేళకి వేయించాలి. చీమ కుట్టినంత నొప్పి, అంతే. అందరూ చల్లగా ఉన్నారు. కథ పడవెక్కి కంచికి పోయింది, మనం పక్కలెక్కుదాం.