బంగారు బల్లికి స్థానచలనం

"రేపు పొద్దెక్కేలోగా ఈ కొండమీద ఒక్క బల్లి కూడా బతికి ఉండటానికి వీల్లేదు!" అని సోమభూపతి కొలువు అదిరేలా కేకపెట్టాడు.

అంతకు కాసేపటి ముందే రాజుగారు గారె కొరకబోతుంటే, కప్పు మీంచి ఓ బంగారు బల్లి జారి సరిగ్గా ఆయన కిరీటం మీద పడి, గోడెక్కి పోయింది. ఆస్థాన జ్యోతిష్కుడు అక్కుభట్టు వెంటనే తాళపత్రాలు విప్పాడు.

"స్థానచలనం, ప్రభూ! సింహాసనం కదిలిపోతుంది. ఆ జాతినంతా చంపితేగానీ శాంతి లేదు."

కొలువులో ఓ పక్కన కూర్చున్న, కోట తోటలు చూసే కామసాని చెవిన ఈ మాటలు పడ్డాయి. బంగారు బల్లులు ఆ కొండమీద తప్ప మరెక్కడా లేవు. ఎలుకల కోసం తెచ్చిన పిల్లులు తినగా తినగా నలభై మిగిలాయి. వాటిని నది నడుమ పిల్లుల్లేని రాళ్లలంకకు చేర్చమని ఆమె ఏడాదిగా మొత్తుకుంటోంది. ఆ లంకలో మామిడితోట వేసుకోవాలని భట్టు ఏడాదిగా అడ్డుపడుతున్నాడు.

కామసాని లేచింది.

"భట్టుగారూ, స్థానచలనమంటే ఏమిటండీ?"

"ఆ మాత్రం తెలీదూ? ఉన్నచోటు వదిలి వేరేచోటికి పోవడం."

"మీ శాస్త్రం తప్పదు కదా?"

"బ్రహ్మ రాసింది తప్పొచ్చుగానీ, నా శాస్త్రం తప్పదు!"

ఆమె రాజువైపు తిరిగింది. "బల్లి పడ్డాక తమరు కదిలారా, ప్రభూ?"

"నాకేం ఖర్మ! చేతిలో గారె కూడా వదల్లేదు."

"మరి ఉన్నచోటు వదిలి కిందపడ్డది ఎవరు?"

"బల్లి" అన్నాడు రాజు మెల్లగా.

"అయితే స్థానచలనం బల్లిది, ప్రభూ! చంపితే అది ఎక్కడికీ పోలేదు, భట్టుగారి శాస్త్రం తప్పిపోతుంది. జాతితో సహా లంకకు పంపితే శాస్త్రమూ నిలుస్తుంది, సింహాసనమూ నిలుస్తుంది."

కొలువంతా భట్టు వంక చూసింది. కాదంటే శాస్త్రం పోతుంది, ఔనంటే లంక పోతుంది.

"ఔ... ఔను ప్రభూ" అన్నాడు భట్టు, ఇంకా నాటని మామిడిచెట్లన్నీ కూలిపోయినట్టు మొహంపెట్టి.

రాజు పడీపడీ నవ్వి, మెడలోని ముత్యాలహారం తీసి కామసాని చేతిలో పెట్టాడు. "లంక నీ బల్లులదే! భట్టూ, పడవ బయల్దేరడానికి ముహూర్తం ఎప్పుడుంది?"

భట్టు తాళపత్రాలు చుట్టేస్తూ, "ముందు నేను బయల్దేరతాను, ప్రభూ!" అన్నాడు.

కొలువంతా ఘొల్లుమంది. ఆ నవ్వులకు కప్పుమీది బల్లులన్నీ సందుల్లో దూరాయి.