మంటకు తల మొలిచిన కథ

ఒకప్పుడు భూమి దేన్నీ పట్టుకునేది కాదు. రాళ్లు, కుండలు, మేకలు, మనుషులు అన్నీ తేలుతూ ఉండేవి. ఏది పైనో, ఏది కిందో ఎవరికీ తెలియదు.

మంట కూడా ఇప్పటిలా ఉండేది కాదు. రేగుపండంత నీలి ఉండ! పుల్ల మీద కూర్చుని దాన్నే మెల్లగా తినేది. అది వదిలిన పొగ ఎటూ పోయేది కాదు, దాని చుట్టూనే ముసురుకునేది. కొత్త ఊపిరి కావాలంటే గాలి రావాల్సిందే. గాలి రాగానే మంట పుల్ల మీద ఆ వైపుకే పాకేది.

"చూశారా! నా కాళ్ల దగ్గరికి పాకుతోంది" అని మురిసిపోయింది గాలి.

మంటకు ఒళ్లు మండింది. "కాళ్లకు కాదు, నీ ముఖానికి ఎదురొస్తున్నా!"

"అంత పొగరా? తల వంచి దండం పెడితేనే ఇక వస్తా."

"వంచడానికి నాకు తలేదీ? ఉన్నా వంచను, పో!"

గాలి అలిగి వెళ్లిపోయింది.

ఆ మంట ఉండేది సింగులమ్మ అవ్వ గుహలో. అవ్వ ఒళ్లో పసి మనవరాలు చలికి వణుకుతోంది. వాళ్లకు ఉన్నది ఆ ఒక్క మంటే. "గాలి రాకపోతే పీడా పోయె" అంటూ అవ్వ పుల్ల పట్టుకుని అటూ ఇటూ ఊపింది. చెయ్యి ఊపినంతసేపూ మంట బతికింది. చెయ్యి అలిసి ఆగగానే చిక్కిపోయింది. దానికీ చలేస్తోందనుకుని అవ్వ రెండు చేతులూ చుట్టూ మూసింది.

"చేతులు తియ్యవే అవ్వా! ఊపిరాడటం లేదు!"

"అయ్యో నా తల్లీ! పోనీ, ఆ గాలికి ఓ దండం పెట్టరాదూ?"

మంట పసిదాని వైపు చూసింది. దాని పెదాలు నల్లబడుతున్నాయి. మంట గుండె కరిగిపోయింది.

"నా కోసమైతే వంచను. పసిదాని కోసం వంచుతాను. కానీ నాకు తల లేదే!"

ఆ మాట భూమి విన్నది. ఆమెకు ఎంత గర్వంగా అనిపించిందో!

"పసిబిడ్డ కోసం తల వంచుతానన్నావు. నీకు ఎప్పుడూ వంచనక్కర్లేని తలే ఇస్తాను" అంది. అని గుప్పిట బిగించింది.

రాళ్లు, కుండలు, మేకలు దబ్బుమని నేల మీద పడ్డాయి. బరువైన చల్లగాలి కిందికి దిగి, తేలికైన వేడిపొగను పైకి నెట్టేసింది. ఎవరూ పిలవకుండానే కొత్త ఊపిరి మంట పాదాల దగ్గరికి వచ్చింది. నీలి ఉండ సాగింది, పసుపెక్కింది, నిటారుగా లేచి నిలబడింది! గుహంతా వెచ్చబడింది. పసిది కళ్లు తెరిచి కిలకిలా నవ్వింది.

అప్పటినుంచే మంట తలెత్తి నిలబడుతోంది. గాలి విసిరితే ఊగుతుంది, విసురు ఆగగానే మళ్లీ తల ఎత్తుతుంది. భూమి పట్టు తెలియని వ్యోమనౌకల్లో మాత్రం అది ఇప్పటికీ చిన్న నీలి ఉండలాగే ఉంటుంది. అయితేనేం, అక్కడ కూడా గాలి వస్తే వెనక్కి తగ్గదు. ముఖానికి ఎదురే వెళుతుంది.